తోక లేని తేలు

నక్షత్రశాలలో చుక్కలమ్మ అంటే అందరికీ హడలే. ఇరవై రెండేళ్లుగా ఆ గుండ్రటి కప్పు కింద, చీకట్లో మైకు పట్టుకుని, ఏ నెలలో ఏ చుక్కలు కనిపిస్తాయో చెప్పేది ఆవిడే. చలికాలంలో గొల్లకావడి, దక్షిణాన కిందుగా అగస్త్యుడు. ఎండలు ముదిరితే ఉత్తరాన సప్తర్షులు. వానల్లో మబ్బు విడిస్తే నిండు తోకతో వృశ్చికం. మధ్యలో ఎవడైనా ఫోను వెలిగించాడా, వాడి పని అయిపోయినట్టే! "అది ఆర్పు నాయనా, నీ మొహం చూడ్డానికి ఇక్కడికెవరూ రాలేదు," అని అందరిలో కడిగేసేది.

అలాంటి మనిషికి కొత్త డైరెక్టరు తగిలాడు. వచ్చిన నెలలోనే రికార్డు చేసిన ప్రదర్శన ఒకటి తెప్పించాడు. సంగీతం, మెరుపులు, తేనె పూసిన గొంతు. పాలకమండలి దానికి సరే అంటే ఇక మైకుతో పనిలేదు, ఆవిడని టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతారు.

"మీకు చాదస్తం ఎక్కువ మేడమ్. పిల్లలు నిద్రపోతున్నారు," అన్నాడాయన మొహమ్మీదే.

"నిద్రపోయేది పిల్లలు కాదు సార్, వాళ్ల వెనక కూర్చునే మీరు."

ఆ మాట ఆయన మరిచిపోలేదు. అయినా ఇక్కడి ఆకాశం సంగతి తెలిసింది ఆవిడ ఒక్కదానికే కనక, ప్రదర్శన చూసి తప్పుల్లేవని రాసివ్వమన్నాడు.

ఆవిడ ఒంటరిగా కూర్చుని చూసింది. పది నిమిషాల్లో గుట్టు తెలిసిపోయింది. అది ఎక్కడో చలిదేశాల వాళ్ల కోసం చేసిన ఆకాశం. ఇక్కడ ధ్రువతార ఇళ్ల కప్పులకి కాస్త పైన ఉంటుంది; అందులో నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది. సప్తర్షులు పన్నెండు నెలలూ అస్తమించనే లేదు. అగస్త్యుడి జాడే లేదు. తేలుకి తోక లేదు!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నవ్వింది. 'అన్నీ పరిశీలించాను, సరిగ్గా ఉన్నాయి' అని రాసి సంతకం గీకింది.

ఇంటికెళ్లి చెబితే అక్క నెత్తి కొట్టుకుంది. "నీకేమైనా పిచ్చా? తప్పుందని చెప్పేస్తే పోయేదిగా!"

"చెబితే సరిచేయించి దర్జాగా వేసుకుంటాడక్కా. నిండు సభలో పరువు పోవాలి వాడికి. అప్పుడుగానీ నా కడుపుమంట చల్లారదు."

పాలకమండలి వచ్చిన మధ్యాహ్నం హాలు నిండా బడి పంతుళ్లు, పంతులమ్మలు. సగానికి సగం చిన్నప్పుడు ఆవిడ చెబుతుంటే విన్నవాళ్లే. చుక్కలమ్మ వెనక వరసలో చేతులు కట్టుకుని కాచుకుంది. ధ్రువతార నెత్తికెక్కింది. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. తోక తెగిన తేలు వచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో!" అంది ముందు వరసలో ఒకావిడ. దీపాలు వెలగగానే హాలంతా చప్పట్లు.

చుక్కలమ్మకి ఒళ్లు మండిపోయింది, డైరెక్టరు మీద కన్నా ఆ చప్పట్లు కొట్టే చేతుల మీద. ఇరవై రెండేళ్లు గొంతు చించుకుని ఎవరికి చెప్పినట్టు?

"ఆపండి! మీలో ఒక్కరైనా ఎప్పుడైనా తలెత్తి చూశారా? ఇది మన ఆకాశం కాదు!" అని అరిచి, తప్పులన్నీ ఏకరువు పెట్టింది.

డైరెక్టరు మొహం పాలిపోయింది. ఫైలులోంచి ఆవిడ సంతకం చేసిన కాగితం తీసి పాలకమండలి అధ్యక్షురాలి చేతికిచ్చాడు. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"ఈ సంతకం నీదేనా అమ్మా?"

"నాదే."

"అప్పుడు తెలియదా?"

"తెలుసు."

"తెలిసే రాశావా? మేం సరేనని ఉంటే సోమవారం నుంచి పిల్లలకి ఇదేగా చూపించేది!"

ఆ సంగతి చుక్కలమ్మకి తట్టనేలేదు.

తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. ప్రదర్శన ఉంటుంది, సరిచేయిస్తారు. మైకు ఉండదు. ఏది ఎలా ఉండాలో రాసివ్వాల్సింది మాత్రం ఆవిడే. టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుని, ఒక్క పుస్తకమైనా తెరవకుండా, పన్నెండు నెలల ఆకాశం రెండు గంటల్లో రాసి ఇచ్చింది.

డైరెక్టరు కాగితాలు తిరగేశాడు. ఆయనకేం తెలుస్తుంది గనక! "దీన్ని ఎవరిచేత సరిచూపిద్దాం?" అని గుమస్తాని అడిగాడు, ఆవిడ ఎదురుగానే.

"మేడమ్ ఉన్నారు కదండీ."

"ఆవిడ కాకుండా."

గుమస్తా ఆలోచించాడు. చుక్కలమ్మ కూడా ఆలోచించింది. ఊళ్లో ఒక్కరూ తట్టలేదు.