సౌండ్‌బాక్సు లేని గ్రామఫోను

మొన్న ఖమ్మంలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ముందు నుంచి పోతుంటే మిషన్ నూనె వాసన గుప్పుమంది. రత్నమ్మ ముందుగది గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. ఆమె కొత్తగూడెంలో గని కార్మికుల దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. అందరిలాగే నేనూ సిస్టరమ్మ అనేదాన్ని. పాత గ్రామఫోన్లు సేకరించేది, వాటికి ఆ నూనే వేసేది, కానీ వాటి మీద ఒక్క పాటా పెట్టేది కాదు. అదే నాకు మొదటి నుంచీ అర్థంకాని సంగతి.

రెండువేల ఆరేడు ప్రాంతంలో నేను వాళ్ల వీధిలోని ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, వందేళ్ల కిందటి అమెరికా పేటెంట్ల బొమ్మలు వెతికించుకునేది. "లోపలి మిషన్‌కు కాదు బిడ్డా, చూడనీకె ఎట్లున్నదో గా రూపానికే ఈ పేటెంటు," అని ఓసారి చెప్పింది. పువ్వులా విచ్చుకున్న బూర, పెట్టె మూలల్లోని నగిషీ, అన్నీ ప్రింటు తీయించుకుని ఇంట్లో గ్రామఫోను పక్కన పెట్టి పోల్చేది. "ఒక్క మర మారొద్దు. మారితే అది వేరే వస్తువే" అనేది. ఆమె దగ్గరున్న వాటిలో ఒక్కటే అచ్చం బొమ్మలాగే ఉండేది. దాని మీద ఈగను కూడా వాలనిచ్చేది కాదు.

ఒక ఎండాకాలం టేకులపల్లి అవతల అడవి పల్లెలో ఒక కోయవాళ్ల ఇంట్లో పాటపెట్టె ఉందని తెలిసి, నన్ను తోడు తీసుకుపోయింది. కొందామనే వెళ్లింది. ఆ ఇంటి అవ్వ గోనెసంచి విప్పగానే సిస్టరమ్మ ముందుకు వంగి పెట్టె మూలల్లోని నగిషీని వేలితో తడిమింది. తన దానికి అచ్చమైన జోడు. ముల్లు బిగించే గుండ్రటి సౌండ్‌బాక్సు మాత్రం లేదు.

"అమ్ముతవా అవ్వా?"

"తీస్కపో. మా ముసలాయన ఉన్నప్పుడు పాడేది. ఇప్పుడు పాడది." అవ్వ బూర మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ, "నువ్వు బాగుచేస్తే పాడుతదా?" అంది.

సిస్టరమ్మ పెట్టెను మళ్లీ గోనెసంచిలో చుట్టి పెట్టింది. కొనకుండానే తిరిగొచ్చాం.

మరుసటి వారం మళ్లీ వెళ్లాం. ఈసారి సంచిలోంచి, అచ్చం బొమ్మలా ఉన్న తన గ్రామఫోను సౌండ్‌బాక్సే తీసింది. దాన్ని బిగించి, కీ ఇచ్చి, అవ్వ దాచుకున్న రికార్డు పెట్టింది. గీరుకుపోయిన గొంతేదో లేచింది. ఏం పాటో నాకు తెలియలేదు. అవ్వ మాత్రం బూరకు చెవి ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది.

సౌండ్‌బాక్సును అక్కడే వదిలేసి వచ్చాం. బస్సులో అడిగాను. "మీ దాంట్లకెల్లి ఎందుకు తీసిండ్రు సిస్టరమ్మా? ఒక్క మర మారొద్దంటరు గదా?"

"ఏమో బిడ్డా. నాకు గూడ సమజైతలేదు," అని కిటికీ వైపు తిరిగింది. అది బాధో, సంతోషమో పోల్చుకోలేకపోయాను. ఆ తర్వాత ఆమె మా సెంటర్‌కు రాలేదు, నేనే వాళ్లింటికి పోయొచ్చేదాన్ని. కొత్తవి కొనలేదు, ఉన్నవి అమ్మలేదు. సౌండ్‌బాక్సు లేని దాన్ని మాత్రం రోజూ తుడిచేది. చేసినదానికి నొచ్చుకునేదో, దాన్నే ఇంకా ఎక్కువ ఇష్టపడేదో, పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం, కట్టిన ఇళ్లు ప్లాను ప్రకారం ఉన్నాయో లేవో చూడటం. ప్లానులో లేని గది కనబడితే రాసుకుని వచ్చేయాలి. నేనేమో లోపలికి వెళ్లి, "ఇందులో ఎవరుంటరమ్మా?" అని అడుగుతాను. మంచంలో ఉన్న తల్లో, చదువుకునే పిల్లో అని తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన నిబంధన మారదు. రాయాల్సింది రాస్తాను. సిస్టరమ్మ నాకు నేర్పింది ప్లానుతోపాటు మనిషినీ చూడటమేనా, నేనే తప్పుగా నేర్చుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడగకుండా వెనుదిరగడం మాత్రం నాకు చేతకాదు.