పన్నెండో నంబరు బూట్లు

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా సైన్యంలో ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా పనిచేశాను. లారీలు, నీళ్ళ ట్యాంకరు, బస్సు, అంబులెన్సు, క్రేను బండి, చివర్లో రెండేళ్ళు కమాండరుగారి జీపు, అన్నీ కలిపి పదకొండు రకాల బండ్లు నా చేతిలో నడిచాయి. ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి గీత పడలేదు, ఒక్క అద్దం పగల్లేదు. ఒకసారి ఒక మేక అడ్డం వచ్చింది గానీ, అది కూడా లేచి దులుపుకుని తన దారిన తను వెళ్ళిపోయింది. తిరిగి వచ్చాక మా ఊరి బడి పిల్లల బస్సు పదహారేళ్ళు నడిపాను. ఒక్కరోజు కూడా గంట కొట్టాక చేరలేదు. జరిగినవి జరిగినట్టు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

అయితే వీటన్నిటికంటే నేను ఎక్కువసార్లు చెప్పుకున్నది మంచుకొండల మీద గడిపిన ఎనిమిది నెలల సంగతి. మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పానంటే, మధ్యలో నాకు దగ్గు వస్తే మిగతాది ఆమె అందుకుంటుంది.

పోయినేడు మా మాజీ సైనికుల సంఘానికి చిన్న హాలు కట్టారు. గోడమీద ఒక బోర్డు పెట్టి, ఎవరెవరు ఎక్కడ పనిచేశారో, ఏయే పతకాలు వచ్చాయో రాయించాలనుకున్నారు. అందర్నీ సర్వీసు పుస్తకాలు తెమ్మన్నాడు కార్యదర్శి. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న, హవల్దారుగా చేశాడు, నన్ను బాబాయ్ అంటాడు. నా పుస్తకం ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేది. దాన్ని తెరిచి చదువుకునే అవసరం నాకెప్పుడూ రాలేదు. నా సర్వీసంతా నోటికి వచ్చాయె!

కార్యదర్శి పేజీలు తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"బాబాయ్, ఆ ఏడాదంతా మీరు కింద డిపోలోనే ఉన్నట్టు రాసుందే."

"కళ్ళజోడు పెట్టుకుని చూడరా."

"పెట్టుకునే చూస్తున్నాను బాబాయ్. పతకాల గడిలో గీత కొట్టేశారు."

వెనక బెంచీ మీంచి సిగ్నల్స్‌లో పనిచేసిన మా బావమరిది అందుకున్నాడు. "అయితే బావా, మంచు ఎక్కడ చూశావు? డిపోలో ఐసు గడ్డలు దింపావా?"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాగుండదు కదా. ఇంటికొచ్చాక మాత్రం తల కొట్టేసినట్టయింది. నాకు రావలసిన పతకాలు రెండు. కొండల మీద ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్ళకు ఇచ్చేది ఒకటి, ఆ ఏడాది రోడ్డు తెగినప్పుడు సరుకు చేరవేసినవాళ్ళకు ఇచ్చింది ఇంకొకటి. అవి రాకపోయినా ఇన్నాళ్ళూ బతికాను. కానీ నలభై మూడేళ్ళు ఊరందరికీ, కన్నపిల్లలకీ, బస్సెక్కిన ప్రతి పిల్లకాయకీ చెప్పిన మాట అబద్ధంగా మిగిలిపోతే ఎలా?

అసలు జరిగింది చెబుతాను. కొండల్లోకి వెళ్ళే లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఒక తెల్లవారుజామున రెండో డ్రైవరుకి జ్వరం వచ్చింది. పక్కన చక్రాల నట్లు బిగిస్తున్న నన్ను చూసి "నువ్వెక్కు" అన్నారు ఆఫీసరుగారు. ఎక్కాను. నాలుగు రోజుల పనన్నారు. మేము పైకి చేరగానే వెనక కొండచరియ జారి రోడ్డు తెగిపోయింది. పైన చిక్కుకున్న లారీలన్నిటినీ రెండు పోస్టుల మధ్య సరుకు తిప్పడానికి అక్కడే ఉంచేశారు. నాలుగు రోజులు ఎనిమిది నెలలయ్యాయి. కింద డిపోలో హాజరు పట్టీ రాసేవాడు నా పేరు అలాగే రాసుకుంటూ పోయాడు.

మరి పైన ఎందుకు రాయలేదంటారా? మా డ్రైవర్లలో ఒక పద్ధతి ఉండేది: బండికి ఒకటే సంతకం. సరుకుకీ, డీజిలుకీ, ట్రిప్పు షీటుకీ మొదటి డ్రైవరే సంతకం పెట్టేవాడు. ఆ చలిలో చేతితొడుగు తీస్తే వేళ్ళు కొయ్యబారేవి. ఇద్దరి వేళ్ళూ ఎందుకు పాడుచేసుకోవాలి, ఒకడివి చాలు కదా అనుకునేవాళ్ళం. అంచేత ఎనిమిది నెలలూ ప్రతి కాగితం మీదా మొదటి డ్రైవరు సంతకమే ఉంది. ఆయన్ను నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను పడవ అనేవాడు.

ఎందుకంటే నా పాదాలు పడవల్లా ఉంటాయి. పుట్టుకతో వచ్చిన ఆస్తి. పైన స్టోర్సులో మంచు బూట్లు తొమ్మిదో నంబరు దాటి లేవు. మొదటి నెల కాన్వాసు బూట్లకు గోనెపట్టా చుట్టుకుని నడిపాను. ఒకరోజు ఉదయం ఒక మలుపులో ముందు మంచుపెళ్ళ పడి లారీ ఆగిపోయింది. దిగి పార పట్టుకుందామంటే కాళ్ళు నావి కావనిపించింది. అన్న నా గోనెపట్టా విప్పి చూశాడు. వేళ్ళు పదీ సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

ఆయన చేతితొడుగులు తీసేశాడు. కోటు బొత్తాలు విప్పాడు, చొక్కా పైకి లాగాడు, నా రెండు పాదాలూ తన పొట్టకి ఆనించుకుని పైన కోటు కప్పేశాడు.

"అన్నా, చల్లగా ఉంటాయి, వద్దు."

"చల్లగా ఉన్నాయని నాకు తెలియట్లేదట్రా! కదిలావంటే తంతాను. పాదాలా ఇవి, తలుపు చెక్కలా? మీ అమ్మ నిన్ను కొలిచి కన్నట్టు లేదే."

దారి తెరిచేదాకా, అంటే మధ్యాహ్నందాకా, అలాగే కూర్చున్నాడు. ముందు మంటలు పుట్టాయి, తర్వాత సూదులు గుచ్చినట్టయింది, ఆ తర్వాత వేళ్ళు ఎర్రబడ్డాయి. నేను ఏడ్చాను. అది కూడా జరిగిందే, దాచుకోవడం దేనికి? పోస్టుకి చేరగానే అన్న స్టోరుకీపరు గుమ్మం మీద కూర్చుని, ఈ పిల్లాడికి బూట్లు వచ్చేదాకా లారీ కదలదని భీష్మించాడు. ఆరో రోజున హెలికాప్టరులో మందుల పెట్టెలతోపాటు పన్నెండో నంబరు బూట్లు దిగాయి.

ఇదంతా రికార్డుల ఆఫీసులో మూడో నంబరు కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. కిటికీ లోపల ఉన్నామె మా రెండో అమ్మాయి ఈడుది. కళ్ళజోడుకి గొలుసు, బల్లమీద ఫైళ్ళ గోడ. వెనక లైనులో నలుగురున్నా పూర్తిగా విన్నది. ఆ ఓపికకే దండం పెట్టాలి.

"తాతగారూ, కథ బాగుంది. కానీ నా పైవాళ్ళకి కథ పంపలేను, కాగితం పంపాలి. ఈ దరఖాస్తు నింపండి."

నింపి ఇచ్చాను. రెండు నెలలకు తిరిగొచ్చింది. తొమ్మిదో గడి కింద ఎర్ర గీత. 'నమోదు లోపానికి బాధ్యులెవరు?' అని అడుగుతుంది ఆ గడి. 'ఎవరూ కారు, అది మా పద్ధతి' అని రాశాను నేను. అలా కుదరదట. ఒక పేరు రాయాలట. మొదటి డ్రైవరు ఇద్దరి పనికీ తానొక్కడే సంతకం పెట్టాడని రాసిస్తే, ఆయన రికార్డులో ఒక రిమార్కు వేసి, నాది సరిచేస్తారట.

కార్యదర్శి తేలిగ్గా తీసుకున్నాడు. "రాసెయ్యండి బాబాయ్. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందిగా. ఇప్పుడు ఆయనకొచ్చే నష్టమేముంది?"

"నీ కాళ్ళకి ఎన్ని వేళ్ళురా?"

"పది."

"నాకూ పదే. అందుకే రాయను."

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి కిటికీ దగ్గర ఇదే చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "మరి రుజువు ఎక్కణ్ణుంచి తెస్తాం తాతగారూ? కాగితం మీద మీరు లేరు. చూసినవాళ్ళలో ఇప్పుడు సాక్ష్యానికి దొరికేవాళ్ళెవరూ లేరు."

"తెలీదు తల్లీ. ఆయన మీద మచ్చ పడకుండా అయితే చెయ్యి. లేకపోతే ఆ గీత అలాగే ఉండనీ."

ఆ మాట అనేసి బయటికొచ్చాను గానీ, బస్సులో దారిపొడుగునా బోర్డు సంగతే తలుచుకున్నాను. బోర్డు మీద పేర్లు రాసేవాడు వచ్చే నెలలోనే వస్తాడని అప్పటికే చెప్పారు.

ఇంట్లో మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. విన్నది. చేతిలోని చీర మడత ముగించింది. తర్వాత నా చెప్పుల వైపు చూసింది.

"ఏమండీ, మన పెళ్ళికి మీ కాళ్ళకి జోళ్ళు దొరక్క మా నాన్న మూడు బజార్లు తిరిగాడు. చివరికి చెప్పులవాడు చెక్క అచ్చు కొత్తగా చేయించుకున్నాడు. అవునా?"

"అవును. ఇప్పుడదెందుకు?"

"బజార్లో దొరకనిది కొండమీద దొరికిందంటే ఎవరో ఎక్కడో రాసుకోకుండా ఇస్తారా? బూట్లకైనా సంతకం పెట్టించుకునే ఉంటారుగా."

"ఆ సంతకమూ అన్నదేనే."

"సంతకం ఆయనదైతే అయింది. పాదం ఆయనది కాదుగా!"

ఇరవై రెండేళ్ళు పదకొండు రకాల బండ్లు నడిపిన నాకు తట్టలేదు. ఇల్లు కదలని మనిషికి తట్టింది. ఇది కూడా రాసి తీరాలి.

మర్నాడు కిటికీ తెరవకముందే ఆఫీసు మెట్లమీద ఉన్నాను. ఆమె స్కూటరు దిగుతూనే చెప్పేశాను. హెల్మెట్ తీయడం మర్చిపోయి విన్నది.

"స్టోర్సు రిజిస్టర్లు వెనక గదిలో పడున్నాయి తాతగారూ. చెదలు తినగా మిగిలినవి. ఆ ఏడాదివి మిగిలితే మీ అదృష్టం. వారం ఆగి రండి."

వారం ఆగి వెళ్ళేసరికి ఆమె నన్ను కిటికీ బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచి కుర్చీ వేసింది. చెయ్యి మీద ఎర్రగా దద్దుర్లు. పాత కాగితాల దుమ్ము పడదట ఆమెకి. అయినా తొమ్మిది రిజిస్టర్లు తిరగేసింది. తొమ్మిదో దాన్ని నా ముందు తెరిచి వేలు పెట్టింది. మా లారీ నంబరు. మంచు బూట్లు రెండు జతలు. మొదట ఏడో నంబరు, నెల దాటాక పన్నెండో నంబరు, రెండింటికీ ఎదురుగా లారీ కిందికి దిగిన రోజే తిరిగి అప్పగించిన తేదీ. కింద అన్న సంతకం, అక్షరాలన్నీ ఎడమకి ఒరిగి.

ఆ సంతకం మీద నేనూ వేలు పెట్టాను. ఆమె మాత్రం ఆగట్లేదు.

"సైన్యంలో చేరినప్పుడు బట్టల కొలతల కార్డు రాస్తారు. మీ కంపెనీలో అందరివీ చూశాను. మీ అన్నగారిది ఏడు. నూట పద్దెనిమిది మందిలో పన్నెండు ఒక్కరిదే. ఎవరిదో చెప్పుకోండి చూద్దాం!"

"నాదే తల్లీ."

"నాకు తెలుసు. మా సూపరింటెండెంటుగారు కళ్ళారా చూస్తే గానీ నమ్మరు. చెప్పులు విప్పండి."

అటెండరు నేలమీద తెల్ల కాగితం పరిచాడు. అది చాలలేదు. ఇంకోటి అతికించాడు. నా పాదం చుట్టూ పెన్సిలు తిప్పుతుంటే చక్కిలిగిలి పుట్టి నేను ఎగిరాను. పక్క సెక్షన్ల వాళ్ళు కూడా లేచొచ్చారు. సూపరింటెండెంటుగారు స్కేలు పెట్టి కొలిచి, అది చాలక మళ్ళీ జరిపి కొలిచి, "ఇది ఏడో నంబరు బూటులో పట్టదు, నేను సాక్షి" అన్నారు. చిన్నప్పటినుంచీ నవ్వులపాలైన పాదం ఆరోజు ఆఫీసు కాగితం మీద సంతకంతో సహా ఎక్కింది.

తొమ్మిదో గడిలో ఆమె తనే రాసింది: 'ఆనాటి పని పద్ధతి వల్ల జరిగిన లోపం. వ్యక్తుల బాధ్యత లేదు.'

"నేను రాసిందీ అదేగా తల్లీ?"

"మీరు రాస్తే మాట తాతగారూ. రిజిస్టరు జతచేసి నేను రాస్తే నోట్."

ఆమెకి ఏమివ్వాలో తెలియలేదు. ఇస్తే తీసుకునే మనిషీ కాదు. సాయంత్రం బయట ఆమె స్కూటరు ఎన్ని తన్నులు తన్నినా లేవలేదు. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, బిగించి, ఒక్క తన్నుతో లేపాను. అది నా పన్నెండో రకం బండి.

పతకాలు రావడానికి మూడు నెలలు పట్టింది. బోర్డు రాసేవాణ్ణి కార్యదర్శి అన్నాళ్ళూ ఆపి ఉంచాడు. "మీ వరస ఖాళీగా పెట్టించాను బాబాయ్" అని తనే ఇంటికొచ్చి చెప్పాడు. నేను అడగలేదు. అతని మంచితనం అది. బావమరిది కూడా వచ్చి, రెండు పతకాలూ చేతిలో తూచి, "ఐసు గడ్డలకి ఇవి ఎక్కువే బావా" అన్నాడు. అతని నోరు అంతే, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

మర్నాడు అన్న ఇంటికి బయలుదేరాను. రెండు బస్సులు మారాలి. అన్న పోయినప్పుడు ఒక్కసారి వెళ్ళాను గానీ, ఆ జనంలో వదిన నన్ను చూసి ఉండదు. ఎవరినని చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో బస్సులో కూడబలుక్కున్నాను. తలుపు ఆమే తీసింది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, చేతికర్ర పట్టుకుంది. నేను నోరు తెరిచేలోగా, గడప బయట నేను విప్పిన చెప్పులమీద ఆమె చూపు పడింది. అక్కడే ఆగిపోయింది.

"నువ్వు పడవవి కదూ?"

"అవును వదినా."

"నీవల్ల ఆయనకి మూడు రోజులు కడుపునొప్పి, తెలుసా? బతికున్నంతకాలం చెప్పాడు. 'ఐసు దిమ్మలు మోశానే పొట్టమీద' అని. నీకేదో నష్టం జరిగిందని కూడా అనేవాడు, కాగితం సంగతి. కనుక్కుందామని అంటూనే పోయాడు."

"ఏ నష్టమూ జరగలేదు వదినా. అంతా సరిచేశారు. ఆయన మీద ఒక్క అక్షరం పడలేదు."

జేబులోంచి పెట్టె తీసి పతకాలు చూపించబోయాను. ఆమె వాటివైపు చూడలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కాస్త వంగి, నా కాళ్ళవైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని అర్థమై, కదలకుండా నిలబడ్డాను.

"అన్నీ ఉన్నాయి" అంది. "లోపలికి రా. టీ పెడతాను."