చిన్నమ్మ సూది బంద్ చేసిన ఆదివారం

డెబ్బైల మొదట్లో నా దగ్గర సైన్సు గుప్పెడు, కోతలు గంపెడు. ఒక లాబొరేటరీలో కొత్తగా కుదిరిన అసిస్టెంటును. మా సారు ఎలుక క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను తీసి, గాజు గిన్నెల్లో గులాబీ రంగు ద్రవం పోసి పెంచి చూస్తున్నారు. ఆ ద్రవం మార్చడం, గిన్నెలున్న పెట్టెలో వేడి సరిగ్గా ఉందో లేదో చూడడం, ఇంతే నా పని. అయినా నాంపల్లిలో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకునే ఆవిడతో, "ఒక్క నెల ఓపిక పట్టు చిన్నమ్మా, ఇన్సులిన్ మేమే పెంచుతున్నం" అనేశాను. ('నేనే' అనబోయి 'మేమే' అన్నాను. నా వినయం అంతవరకే.)

నెల తిరిగింది. ఆదివారం డ్యూటీకి వెళ్తే గులాబీ ద్రవం పసుపు రంగుకు తిరిగి మసకబారింది. సూక్ష్మజీవులు చేరి కణాలన్నీ పోయాయి. సారుకేం చెప్పాలా అనుకుంటూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కగా నడుస్తుంటే, జిలేబీల పొట్లంతో చిన్నాయన ఎదురయ్యాడు.

"మీ చిన్నమ్మ తెమ్మన్నది. నెలైంది గద, ఇయ్యాల్టి సంది సూది బంద్ అన్నది. సిరంజి గూడ పక్కింటి పంతులమ్మకు ఇచ్చేసింది."

సారు సంగతి మరిచేపోయాను. పొట్లం లాక్కుని నాంపల్లి దాకా ఒకటే పరుగు. ఆవిడకేమన్నా అయితే నా నోరే కారణం.

"కణాలు సచ్చిపోయినయ్ చిన్నమ్మా. బతికినా నీ దాంక వచ్చేటందుకు ఎన్నేండ్లు పడ్తదో నాకు తెల్వదు. ఉత్తగనే కోతలు కోసిన" అని గుమ్మంలోనే ఏడ్చేశాను.

ఆవిడ తిట్టలేదు. పొట్లం వైపు ఒకసారి దిగులుగా చూసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. జర నువ్వే పోయి పంతులమ్మను అడుగు. ఇచ్చినంక మళ్ల అడిగేటందుకు నాకు మొహం లేదు" అంది.

పంతులమ్మ ఆ సిరంజితో పెన్నులో సిరా పోస్తోంది! "ఇచ్చింది వాపస్ తీస్కుంటరా?" అంటూనే ఇచ్చింది. నీలం పోయేదాకా కడిగి, మూడుసార్లు ఉడకబెట్టాను. (లాబొరేటరీలోనూ అంత శుభ్రం పాటించి ఉంటే కణాలు బతికేవేమో.) మధ్యాహ్నం దాటకముందే ఆవిడకు సూది పడింది. జిలేబీలు ఎవరు తిన్నారో అడక్కండి.

చిన్నమ్మ అమాయకత్వానికి ఎన్నోసార్లు నవ్వుకున్నవాణ్ణి. ఇప్పుడు నాకూ పొద్దున్నే సూదే. మనవరాలు పేపరు పట్టుకొచ్చి, "తాతా, ఇన్సులిన్ కణాలు లాబ్‌లో పెంచుతున్నారట, ఇంక సూదులుండవట" అంటుంది. అందులో ఎన్నేళ్ళ తిప్పలున్నాయో నాకు తెలియనిదా? అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎప్పటికట తల్లీ?" అని అడిగి, నన్ను చూసి నేనే నవ్వుకుంటాను.