నాలుగు దిక్కుల మధ్య నాయనమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మహాకావ్యం పుట్టింది. ఒక మరణం, దాని వెంట పశ్చాత్తాపం, బోలెడన్ని కన్నీళ్లు, అన్నీ ఉన్నాయి అందులో. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని రెండ్రోజులు ఆలోచించా గానీ, అంత సీన్ లేదు. పుట్టినవి ఏడెనిమిది వరుసలు. అవి కూడా ఒక పొలం కాయితం వెనకవైపు. రాసింది పదేళ్ల పిల్ల, అంటే నేను. ఇప్పుడు నాకు ఇరవై ఏడు. ఈ వయసుకే 'నా చిన్నప్పుడు' అంటే మా అమ్మ నవ్వుతుంది. నవ్వనీండి. చిన్నతనం అయిపోయిందనడానికి బస్సులో కొట్టే ఫుల్ టికెట్టే సాక్ష్యం.

మాది జగ్గయ్యపేట. మా తాతయ్య నందిగామలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో బల్ల వేసుకుని, పొలాలు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ పంచుకునేవాళ్లకీ కాయితాలు రాసిపెట్టేవాడు. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికే ఇంటికి రావడం. నలభై ఏళ్లపాటు లోకం సంగతులన్నీ రాశాడు గానీ, సొంతానికి పెళ్లి కార్డు మీద పేరు రాయాలన్నా నాయనమ్మ చేతే రాయించేవాడు. తన చేతిరాత చూస్తే ఎదుటివాళ్లు సంతకం పెట్టేస్తారని ఆయన భయం.

ఆ వేసవిలో నాయనమ్మ పోయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. వచ్చినవాళ్లందరూ పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది అన్నారు. నాకు మాత్రం వేరే సంగతి తెలుసు.

ఆ రోజు పడుకునే ముందు ఆవిడ నన్ను పిలిచింది. "అమ్మడూ, ఒకసారి ఇట్రా" అని. నేను వరండాలో పక్కింటి పిల్లలతో అష్టాచెమ్మా ఆడుతున్నా. నా పావు పండటానికి ఇంకా రెండే గళ్లు. "వస్తున్నా" అన్నా. వెళ్లలేదు. గంట తర్వాత లోపల ఏడుపులు. పదేళ్ల బుర్రకి మిగతాది కలుపుకోవడం ఎంతసేపు? ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చింది, అందుకే పిలిచింది, నేను వెళ్లుంటే బతికేది. నేరం చేసిందీ, విచారించిందీ, తీర్పు చెప్పిందీ నేనే కాబట్టి పని చకచకా అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నాకొక జబ్బు పట్టుకుంది. చూసేవాళ్లకి అది బుద్ధిమంతురాలి లక్షణంలా కనపడేది. ఎవరు పిలిచినా పేరు పూర్తయ్యేలోపు ఎదురుగా ఉండేదాన్ని. పాలవాడు పక్కింటామెని పిలిచినా నేనే పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నం ఎవరైనా కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి నా వేలు మా బాబాయి ముక్కులోకే వెళ్లింది, అది వేరే గొడవ. మా అమ్మ మాత్రం "పిల్ల ఎంత మారిపోయిందో, ఒక్క పిలుపుకి పలుకుతోంది" అని చుట్టాలకి మురిపెంగా చెప్పుకునేది. అన్నం సగానికి సగం వదిలేస్తున్నానని కూడా చెప్పేది గానీ, దాన్ని ఎండల ఖాతాలో వేసింది.

తాతయ్య మాత్రం, దినకర్మలు అయిన వారానికి మళ్లీ పనికి బయల్దేరుతూ, "సెలవులేగా, అమ్మడిని తీసుకెళ్తా, బల్ల దగ్గర తోడుంటుంది" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ బల్ల దగ్గర ఆయనకి ఏ తోడూ అవసరం పడలేదు.

ఆ పంచలో నాకు ఒక స్టూలు, గోలీసోడా ఇచ్చి కూర్చోబెట్టాడు. చందర్లపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. తండ్రి నుంచి వచ్చిన పొలంలో రెండెకరాలు తమ్ముడి పేరున రాయాలట. తాతయ్య పెన్ను తీసి, చెక్కుబందీ చెప్పమన్నాడు. చెక్కుబందీ అంటే పొలానికి నాలుగు వైపులా ఏముందో రాయడం.

"ఏం చెప్పమంటారండీ, బంగారంలాంటి నేలండీ అది. మా నాన్న చెమటండీ."

"చెమట రాయడానికి ఇందులో చోటు లేదయ్యా. తూర్పున ఏముంది?"

"తూర్పున డొంకదారండి."

"దక్షిణం?"

"మా బాబాయిదండి. పత్తేస్తాడు. పండదనుకోండి."

"పండకపోతే రాయక్కర్లేదు. పడమర?"

అలా ఒక్కో వైపే చెప్పుకుంటూ వచ్చి, ఉత్తరాన వాళ్ల నాన్న తవ్వించిన బోరు ఉందని చెప్పి, రైతు తువ్వాలుతో మొహం తుడుచుకుని, టీ తాగొస్తానని వెళ్లాడు. తాతయ్య నావైపు తిరిగాడు.

"చూశావా? పొలం ఎలా ఉంటుందంటే ఎవడూ చెప్పలేడు. చుట్టూ ఏముందంటే ఎవడైనా చెప్తాడు. అది సరిగ్గా రాసేస్తే మధ్యలో మిగిలేది పొలమే." ఒక కాయితం తిప్పి, తెల్లగా ఉన్న వైపు నా ముందు పెట్టాడు. "ఇప్పుడు నువ్వు నాయనమ్మకి రాయి."

"నాయనమ్మేమన్నా పొలమా?" అన్నా.

"నోరు బానే లేస్తోందే. రాయి మరి" అని, ఆయన ఇంకెవరితోనో ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

రాశా. తూర్పు: కిటికీ, అందులో నాయనమ్మ కళ్లజోడు, దానికి ఒక కాడ బదులు దారం. దక్షిణం: మంచినీళ్ల చెంబు, మూత మీద బోర్లించిన గ్లాసు. పడమర: గోడ, గోడకి నాయనమ్మ తల ఆనించి ఆనించి అయిన నూనె మరక. ఇంతవరకూ కలం ఆగలేదు. ఉత్తరాన గుమ్మం ఉంది. గుమ్మం అని రాశా. గుమ్మం అవతల ఏముందో నాకు తెలుసు. అక్కడ ఆగిపోయా. సోడా అయిపోయింది. గోలీ తియ్యడానికి ప్రయత్నించా, రాలేదు. తాతయ్య తిరిగొచ్చి, కాయితం వంక ఒక చూపు చూసి, ఒక వైపు సగంలో వదిలితే లోపల రిజిస్ట్రారు వెనక్కి పంపేస్తాడని మాత్రం చెప్పి, తన పనిలో పడ్డాడు.

చివరికి రాసేశా. గుమ్మం అవతల నేను. పిలిచింది. వస్తున్నా అన్నా. వెళ్లలేదు.

తాతయ్య దాన్ని దస్తావేజు చదివినట్టే చదివాడు, వరుస కింద వేలు పెట్టి, తొందర లేకుండా. చివరి వరుస దగ్గర వేలు చాలాసేపు ఉండిపోయింది. తర్వాత నన్ను అడిగాడు, ఎందుకు పిలిచిందనుకుంటున్నావని. నొప్పి వచ్చి, అన్నా.

"నొప్పా? నేనప్పుడే పెరట్లోంచి గదిలోకి వచ్చానే. నీ తల్లో పేలు చూస్తానని దువ్వెన పట్టుకుని కూర్చుంది మీ నాయనమ్మ. నువ్వు వస్తున్నా అన్నావు. 'అది ఇక రాదులెండి, దాని వస్తున్నా సంగతి నాకు తెలీదా' అని నవ్వి, దువ్వెన దిండు కింద పెట్టుకుని పడుకుంది. నవ్వుతూనే పడుకుందమ్మా. ఏ నొప్పీ లేదు."

మూడు వారాలు నేను మోసిన మహా నేరం పేల దువ్వెన దగ్గర తేలింది. పేలు చూస్తానంటే పారిపోని పిల్ల మా పేటలో ఎవరైనా ఉంటే చూపించండి.

అప్పుడు ఏడ్చా. చిన్నగా కాదు. అయినా ఎవరూ కంగారుపడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఎవరు ఏడ్చినా వాటా తక్కువొచ్చిందనుకుంటారు. టీ తాగొచ్చిన రైతు కూడా అదే అడిగాడు, "పాపకి భాగం సరిగ్గా రాలేదాండీ?" అని. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇప్పుడే సరిచేశామండి" అన్నాడు.

తర్వాత పెన్ను తీసుకుని, నా నాలుగు వైపుల కిందా ఒక వరుస రాశాడు: ఈ మధ్య ఉన్నది మా ఆవిడ. అంతే రాసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్లలో ఆయన సొంతానికి రాసుకున్న మొదటి వాక్యం అదేననుకుంటా. ఇంకాసేపు అలాగే కూర్చునేవాడేమో, కాయితం తిప్పి చూస్తే అవతలివైపు ఆ రైతు తమ్ముడికి రాస్తున్న దస్తావేజే ఉంది. చెడిపోయిన కాయితం అనుకుని, మంచిదే ఇచ్చాడు నాకు. ఆ రోజు ఆయన బుర్ర కూడా ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. రెండెకరాలూ మొదట్నుంచీ మళ్లీ రాయాల్సి వచ్చింది. "పర్లేదు లెండి, పాప బొమ్మలేసుకుందనుకుంటా" అని రైతే సర్దిచెప్పాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక కంచం నిండా తిన్నా. తిని, పక్కింటి పిల్లలతో ఆడుతుంటే లోపల్నించి అమ్మ పిలిచింది. వస్తున్నా అన్నా. వెళ్లలేదు. అమ్మ రెండోసారి పిలిచి, మూడోసారి కేకేసి, "మళ్లీ మొదలైంది, మూడు వారాల ముచ్చట" అని తల కొట్టుకుంది. అరుగు మీద కూర్చున్న తాతయ్య మాత్రం, పెద్ద దస్తావేజు ఒకటి రిజిస్టరయినంత హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

అప్పట్నుంచీ రాస్తూనే ఉన్నా. ఇంటర్లో తప్పినప్పుడు రాశా, ఉద్యోగం పోయినప్పుడు రాశా, ఒకబ్బాయి నన్ను కాదని వెళ్లినప్పుడు మూడు పేజీలు రాశా. వాటిని స్నేహితులు కవితలంటారు. కావచ్చు. బాధ ఎలా ఉందో నాకు ఇప్పటికీ రాయడం రాదు, ప్రయత్నించినప్పుడల్లా సినిమా డైలాగులా వస్తుంది. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది అని వెళ్తా. మూడు వైపులు ఎప్పుడూ తేలిగ్గానే వస్తాయి. నాలుగో వైపు దగ్గర ఆగిపోతే, రాయాల్సింది అక్కడుందని తెలుస్తుంది. తాతయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి. నేను చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, విశేషణాలు కొట్టేయమంటాడు. కొట్టేస్తే నిజంగానే గుండె కొంచెం తేలికవుతుంది.

మీరూ రాసుకోవచ్చు. బాల్ పెన్నుతో రాయండి. ఇంకు పెన్నుతో రాస్తే తడి తగిలినచోటల్లా అలుక్కుపోయి, ఆర్నెల్ల తర్వాత మన రాత మనకే అర్థం కాదు.