చేట దించని చిన్నమ్మ

మా చిన్నమ్మ మెదక్‌లో ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కళ్లు టీవీలో ఉంటాయి, నోరు పక్కింటావిడతో ఉంటుంది, ఒళ్లోని చేట మీద వేళ్లు మాత్రం ఆగవు. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తుంది. అబ్బ, ఏం చేతులవి! చిన్నప్పుడు ఎన్నిసార్లు పక్కన కూర్చున్నా నాకు ఒక్కటీ రాలేదు. ఆమె నవ్వి, నేను చుట్టింది విప్పేసేది.

హైదరాబాద్‌లో నా పరిశోధన కూడా చేతుల గురించే. కొత్త చేతిపని నేర్చుకునేటప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో స్కానింగ్‌లో చూడాలి. ఇన్నేళ్లు పని చేసిన వేళ్లు ఎంత త్వరగా నేర్చుకుంటాయో చూద్దామని చిన్నమ్మను పిలిచాను. ఒంటి మీద లోహం ఉండకూడదు, పుస్తెలతాడు తీస్తుందా అని నాకు ఒకటే గుబులు. ఆమె పసుపుకొమ్ము కట్టుకుని, తాడు నా చేతిలో పెట్టి మెషిన్‌లోకి వెళ్లింది.

అరనిమిషం చెప్పిన వరుసలో వేళ్లు తట్టాలి, అరనిమిషం ఊరికే ఉండాలి. వరుస ఆమెకు ఇట్టే వచ్చేసింది. తీరా బొమ్మలు చూస్తే, ఊరికే ఉన్నప్పుడూ చేతిపని భాగాలు వెలుగుతూనే ఉన్నాయి. రెండూ ఒకేలా ఉంటే ఇక పోల్చడానికేముంది? వచ్చే ఆదివారం ఒక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ కాకపోతే ఆమెను తీసేయాలనీ మా సారు చెప్పేశారు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. రెండురోజుల బంద్ ముగిసి బస్సులు కదలగానే మెదక్ వెళ్లాను. కోపంగానే అడిగాను.

"చిన్నమ్మా, నిజం చెప్పు. చేతులు కదిలించినవా?"

"నీ మీద ఒట్టు, కదపలే. మనసుల చుట్టిన, గంతే. ఊకె పండుమంటె ఎట్ల పండాలె బిడ్డా? కట్టకు ఇంక రెండే తక్కువుండె, గంతల్నే నువ్వు బయటికి గుంజినవ్!"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లు తిరిగాను, ఆమె ఊరికే కూర్చోవడం ఒక్కనాడూ చూడలేదు. ఆమెకు రాని పని చెప్పింది నేనే.

"ఆగుమన్నప్పుడు జర మనసులనే చేట దించినవనుకో" అని బతిమాలాను.

"సూస్త తియ్" అంది, వేళ్లు ఆపకుండానే.

ఆదివారం మళ్లీ మెషిన్‌లో పడుకుంది. ఈసారి వేళ్లు తట్టినప్పుడు వెలిగిన భాగాలు, ఆగినప్పుడు చక్కగా ఆరిపోయాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పుస్తెలతాడు తిరిగి ఇస్తూ, ఎట్ల చేసినవని అడిగాను.

"ఆగుమన్నప్పుడల్లా చేట నీ ఒళ్లె పెట్టిన" అంది చిన్నమ్మ. "నువ్వు చుడుతుంటె సూసుకుంట పండుకున్న. ఒక్కటి సుత కాలే."