పెండెక్ గోంగూర

కంప్యూటర్ పని వచ్చినవాళ్ళను కంపెనీలు ఎగబడి తెచ్చుకుంటున్న రోజుల్లో నేనూ సింగపూర్‌లో దిగి, చోవా చూ కాంగ్ అనే పేటలో అద్దెకున్నాను. పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళు తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ వరండాలో కుండీల నిండా గోంగూర పెంచేది.

ఒకప్పుడు ఆ మొక్కలు పిట్టగోడ దాటి పెరిగితే, చీలికల ఆకులు చూసి ఎవరో గంజాయి అనుకుని పోలీసులకు ఫోన్ చేశారట. వాళ్ళు ఆకు నలిపి చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆంటీకి మాత్రం నవ్వు రాలేదు. అప్పటినుంచి ఏటా అన్నిటికన్నా పొట్టి మొక్క విత్తనమే దాచి, గోడ దాటని గోంగూరను తయారు చేసుకుంది. దానికి ‘పెండెక్ గోంగూర’ అని పేరు. మలయ్ భాషలో పెండెక్ అంటే పొట్టి.

కూతురి పురిటికి మలేసియా వెళ్తూ కుండీలు నాకప్పగించింది.

“కొన్నిటికి పాత పొడుగు బుద్ధి ఇంకా పోలేదమ్మాయ్. బాగా పెండెక్‌గా ఉన్నదాని కాయలే కోసి పెట్టు. కింది ఆకులు కోసుకో, కొసలు మాత్రం గిల్లకు, లా” అంది, అక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర ‘లా’ తగిలిస్తూ.

సరేనన్నాను. ఆదివారం ఆఫీసు స్నేహితులను భోజనానికి పిలిచాను. పచ్చడికి లేత ఆకు కావాలి. మా ఇంట్లో గోంగూరంటే కొసలు గిల్లడమే. అన్ని మొక్కలూ గిల్లేశాను. నెల తిరిగేసరికి అన్నీ పక్క కొమ్మలేసి ఒకే ఎత్తున గుబురుగా నిలబడ్డాయి. ఏది పుట్టుకతో పొట్టిదో, ఏది నా గోళ్ళ వల్ల పొట్టిదో తెలిసే దారి లేదు. సిగ్గుమాలిన ధైర్యంతో, కాయలు ఎక్కువున్న మొక్కను చూసి కోసి, విత్తనాలు డబ్బాలో పోసి, ఆంటీ తిరిగొచ్చాక ఇచ్చాను.

ఆ విత్తనాలు మొలిచి, ఒకదాని వెంట ఒకటి గోడ దాటాయి. ఆంటీ ఒక్కొక్కటే పీకి చెత్తసంచిలో వేస్తుంటే, నేను సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

“నువ్వు సరిగ్గానే ఇచ్చుంటావు. నేనే ఏ డబ్బాలోదో కలిపేసుంటాను. బుర్ర పాడైపోతోంది నాకు” అంది.

చెప్పెయ్యాలి. రేపు చెబుతానని వారం గడిపాను. పచ్చడి తిన్న నోటికి నిజం చెప్పడం ఎందుకంత కష్టమైందో తలుచుకుంటే నాకిప్పటికీ అసహ్యమే.

ఆ వారం చివర ఆవిడే మా తలుపు తట్టింది. చేతిలో చిన్న పొట్లం.

“అంతకు ముందటేడు విత్తనం, ఇంతే మిగిలింది. నా మీద నాకే నమ్మకం పోయింది. చదువుకున్నదానివి, నీకు జ్ఞాపకం బాగుంటుంది. నీ దగ్గరే ఉంచమ్మా.”

నేను చెయ్యి చాచి తీసుకున్నాను.