చచ్చిన రాజు లేచి పాడిన పద్యం

మొన్న మా చెల్లెలి మనవరాలు మంగళగిరి నుంచి వచ్చి, బెంజ్ సర్కిల్ హారన్ల మోతకి ఎప్పుడూ సగం మూసే ఉంచే మా హాలు కిటికీని పూర్తిగా మూసేసి, ల్యాప్‌టాప్‌లో ఏదో సినిమా పెట్టింది. పిల్ల ఇంగ్లీషు ఎమ్మే చదువుతోంది. పాత ఇంగ్లీషు నాటకాలకి, దొరల ఏలుబడిలో మగ్గిన దేశాలవాళ్లు తమ వేషం, తమ యాస తొడిగి ఎలా ఆడుకున్నారో, సినిమాలుగా ఎలా తీసుకున్నారో చూడటం దాని ప్రాజెక్టట. వినగానే సంతోషం కంటే ముందు నాకు నీరసం వచ్చింది. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు ఇదే పట్టుకుని నేను ఎక్కని గుమ్మం లేదు మరి.

కృష్ణ ఒడ్డున మా ఊళ్లో పెదనాన్న వరి కోతలయ్యాక నాటకాలాడేవారు. ఎవరో మాస్టారు తెలుగులోకి దింపిన ఒక ఇంగ్లీషు విషాద నాటకంలో రాజు వేషం ఆయనదే. తలపాగా, కోరమీసం, పక్కన హార్మోనియం. చివర్లో కత్తిపోటు తిని, సుదీర్ఘంగా రాగం తీసి, పద్యం ముగించి కూలిపోయేవారు. జనం ఊరుకుంటారా? వన్స్ మోర్ అని ఈలలు వేసేవారు. చచ్చిన రాజు లేచి, తలపాగా సర్దుకుని, ఆ పద్యమే మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు. మా పెద్దమ్మ రెండుసార్లూ ఏడ్చేది.

ఎంఫిల్‌లో నేను రాద్దామనుకున్నది ఆ లేవడం గురించే. దొరల నాటకంలో చావు ఒక్కసారే, మా దగ్గర జనం ఒప్పుకుంటేనే చావు. మా గైడుగారు నవ్వి, "అది నాటకం కాదమ్మా, తిరునాళ్ల గోల. మూలం చదువుకో" అన్నారు. మూలమే చదివాను, ఉద్యోగమొచ్చింది, ఆ మూలాన్నే ఏళ్ల తరబడి పాఠం చెప్పి చెప్పి అలసిపోయాను. ఈలోగా పెదనాన్న పోయారు, మాస్టారు పోయారు, ఆ పద్యం నోటికి వచ్చినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

ఇదంతా విని పిల్ల సినిమా ఆపేసింది. ప్రాజెక్టులో పెదనాన్న గురించి తప్పకుండా రాస్తానని, కాకపోతే ఆధారం అడుగుతారు కాబట్టి పద్యం నా గొంతుతోనైనా రికార్డు చేసుకుంటానని ఫోను తీసింది. ఇన్నాళ్లకి అడిగినవాళ్లు దొరికారు కదా అని, ఆయాసపడుతూనే నాలుగు పాదాలూ పాడాను. పిల్ల ఫోను చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో అమ్మమ్మా, రికార్డవలేదే! ఇంకొక్కసారి పాడవా, ప్లీజ్!"

అప్పట్లో ఊరంతా కలిసి అరిచిన మాట అది. నాటకం ఉన్న రోజుల్లో దానికి చదువులో చోటు లేకపోయింది, చదువులో చోటు దొరికేసరికి ఆడేవాళ్లు లేరు. సర్దుకుని కూర్చుని మళ్లీ ఎత్తుకున్నాను. రెండో పాదం దగ్గర ఊపిరి అందలేదు. కిటికీ తీయమని సైగ చేశాను.

చచ్చాక కూడా లేచి పాడేవారు మా పెదనాన్న. బతికుండి నేను పాడలేకపోయాను.